అరిగిన వేలిముద్రకు బియ్యం ఆపొద్దు

చీమకుర్తిలో గ్రానైట్ పలకలు పాలిష్ పట్టేవారి, ఒంగోలు, కొండపి చుట్టుపక్కల పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ల వేలిముద్రలను రేషన్ దుకాణంలోని ఈపాస్ యంత్రం తరచూ తిప్పికొడుతోంది. అన్నిసార్లూ నెట్‌వర్క్ మీదకు నెట్టేస్తే కుదరదు. రాతి బురదలో నానే వేళ్లకు గీతలు అరిగిపోతాయి. పొగాకు జిగురు గీతల సందులు పూడ్చేస్తుంది, అద్దానికి అంటుకుని తర్వాత వచ్చినవారి ముద్రనూ చెడగొడుతుంది. 'గట్టిగా నొక్కమ్మా' అంటాడు డీలరు. గట్టిగా నొక్కితే గీతలు అణిగి ముద్ర ఇంకా అలుక్కుపోతుంది! సబ్బుతో కడిగి తుడుచుకుని, కాస్త చెమ్మ ఉండగానే వేలు తేలిగ్గా ఆనించాలి. అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తుండాలి. పది వేళ్లలో ఏది బాగా సరిపోలుతుందో తేల్చే 'బెస్ట్ ఫింగర్' పరీక్ష ఆధార్‌లోనే ఉంది, వాడేవారేరీ? పని ముమ్మరంగా ఉన్న నెలల్లో కొత్త ముద్రలివ్వమని ఆధార్ కేంద్రానికి తరమడం దండగ, అరిగిన గీతలే మళ్లీ నమోదవుతాయి. పని ఆగిన కొన్ని వారాలకు, గీతలు తేరుకున్నాక పంపాలి. ఫోనుకు వచ్చే ఓటీపీ అంటారా, ఆధార్‌కు ఇచ్చిన నంబరున్న ఫోను హైదరాబాదులో కొడుకు జేబులో ఉంటుంది. ముద్ర పడలేదని రేషన్ ఆపొద్దని, మినహాయింపు రిజిస్టరులో రాసి ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2017 అక్టోబరులోనే చెప్పింది. ప్రతి దుకాణంలో కంటిపాపతో గుర్తుపట్టే ఐరిస్ యంత్రం ఉంచి, అదీ పనిచేయకపోతే వీఆర్వో సంతకంతో అదే రోజు బియ్యం ఇచ్చేలా జిల్లా పౌరసరఫరాల అధికారులు ఆదేశాలివ్వాలి. నెలలో ఎన్ని ముద్రలు తప్పాయో ఆ లెక్కను దుకాణం గోడకు అంటించాలి.

– ఒక పాఠకుడు, చీమకుర్తి