నంబరు కలిస్తే వాచీ అసలుదైపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

పాత రోలెక్స్ కొనేవాళ్లు వాచీ సీరియల్ నంబరును, ఏ నంబరు ఏ ఏటిదో చెప్పే పట్టికతో పోల్చుకుంటే చాలు, అసలో నకిలీయో తేలిపోతుందని గత ఆదివారం మీ వాణిజ్య పేజీలో రాశారు. సవరణ వేస్తారేమోనని వారం రోజులు చూశాను, వేయలేదు. ఆ మాట నమ్మి లక్షలు పోసినవాడు నిలువునా మునుగుతాడు. అందుకే ఈ ఉత్తరం.

వాచీ అసలుదే అయితే దాని కేస్ (బయటి లోహపు డొక్కు) సుమారుగా ఏ ఏడు తయారైందో నంబరు చెబుతుంది. అంతవరకే. నకిలీలు చేసేవాళ్లు ఏదో ఒక నిజమైన వాచీ నంబరు తీసుకుని అదే వందల వాచీల మీద చెక్కుతారు. పట్టికలో వెతికితే ఏడాది చక్కగా దొరుకుతుంది. దొరకడం కోసమేగా వాళ్లు ఆ నంబరు చెక్కింది!

పైగా మీరు అచ్చేసిన పట్టిక రోలెక్స్ కంపెనీ ఇచ్చింది కాదు. సేకరించేవాళ్లు పాత బిల్లులు, గ్యారంటీ కాగితాలు పోల్చి కట్టుకున్న లెక్క అది, ఏడాది అటో ఇటో ఉంటుంది. 1954 ప్రాంతంలో నంబర్లు పది లక్షల దగ్గరికొచ్చి మళ్లీ చిన్న అంకెలకు తిరిగాయి. కాబట్టి ఆ కాలపు వాచీకి నంబరొక్కటే చూస్తే రెండు వేర్వేరు ఏళ్లు తగలవచ్చు. అప్పుడు వెనక మూత విప్పి లోపలి వైపు చూడాలి. 1955 మూడో త్రైమాసికంలో తయారైందైతే రోమన్ అంకెలో మూడు, పక్కన 55 అన్నట్టు ముద్ర ఉంటుంది. 1987లో నంబరు ముందు ఇంగ్లిష్ అక్షరం పెట్టడం మొదలైంది. ఆర్, ఎల్, ఈ, ఎక్స్, అంటే కంపెనీ పేరులోంచి ‘ఓ’ తీసేస్తే మిగిలేవి. తర్వాత వచ్చినవేవీ అక్షరక్రమంలో లేవు. 2010 ప్రాంతంలో ‘జి’తో ఆ వరుస ముగిసింది. అక్కణ్నుంచి అక్షరాలూ అంకెలూ కలగలిపిన ఎనిమిది గుర్తులే, వాటినుంచి ఏడాది తీయడం కుదరదు. మీ వ్యాసం మాత్రం 2018 వాచీకి కూడా పట్టిక చూడమంది.

నంబరు ఎక్కడుంటుందో కూడా సరిగా రాయలేదు. పాతవాటిలో చైన్ విప్పితేనే కనిపిస్తుంది: 6 అంకె వైపు, చైన్ తగిలించే కొమ్ముల మధ్య సీరియల్ నంబరు, 12 వైపు మోడల్ నంబరు. 2005 తర్వాత అది క్రమంగా అద్దం కింద, డయల్ చుట్టూ ఉండే లోపలి రింగు మీదికి మారింది. చైన్ విప్పి చూపించనన్న అమ్మకందారు దగ్గర ఇక మాటలు అనవసరం. అసలు చెక్కుడు గీతలు పదునుగా ఉండి వెలుతురుకు మెరుస్తాయి. నాసి నకిలీల్లో యాసిడ్‌తో తిన్నట్టు గరుకుగా, చుక్కలు చుక్కలుగా ఉంటాయి. ఏళ్ల తరబడి చైన్ రాసుకుని నంబరు అరిగిపోవడం మామూలే, అంతమాత్రాన అది నకిలీ కాదు. ఆకురాయి పెట్టి అరగదీసిన గుర్తులుంటే మాత్రం దొంగసొత్తని అనుమానించాలి.

అసలు పరీక్ష నంబరు, డయల్, లోపలి మిషను మూడూ ఒకే మాట చెబుతున్నాయా అన్నది. ఉదాహరణకు రోలెక్స్ సబ్‌మెరైనర్ రకంలో 16610 మోడల్ లోపల 3135 మిషను ఉండాలి. ఆ వాచీ సీరియల్ నంబరు ‘డబ్ల్యూ’తో మొదలైతే 1995 ప్రాంతపుది. అప్పట్లో చీకట్లో వెలగడానికి ట్రిటియం పూసేవారు కనుక డయల్ అడుగున స్విస్ అన్న మాటతోపాటు ‘టి’, 25 అంకె ఉండాలి. వట్టి ‘స్విస్ మేడ్’ అనే ఉంటే డయల్ తర్వాత మార్చారన్నమాట. డయల్ కంపెనీదే అయినా సేకరించేవాళ్ల దగ్గర ధర పడిపోతుంది. ఇవేవీ మూత విప్పకుండా, కంటికి లూప్ (భూతద్దం) పెట్టుకోకుండా తేలేవి కావు.

ఇంత జాగ్రత్తా అవసరమా అనేవాళ్లు మరో స్విస్ వాచీ కంపెనీ ఒమేగా సంగతి గుర్తుచేసుకోవాలి. 2021 నవంబరులో జెనీవా వేలంలో ఆ కంపెనీ 1957 నాటి స్పీడ్‌మాస్టర్ వాచీ 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. కొన్నది ఒమేగా మ్యూజియమే. అది రకరకాల వాచీల ముక్కలు కూర్చినదని, తమ మాజీ ఉద్యోగులు ముగ్గురి ప్రమేయం ఉందని 2023లో ఆ కంపెనీయే ప్రకటించింది. తయారుచేసినవాళ్లే మోసపోయిన చోట మీరు పాఠకుల చేతిలో ఒక పట్టిక పెట్టి ధైర్యంగా కొనుక్కోమంటారా?

నంబరు నిజంగా అక్కరకొచ్చేది కాగితాల మీద. అక్కడే దాన్ని వదిలేస్తున్నారు. సెకండ్ హ్యాండ్ బిల్లుల్లో ‘వాచీ ఒకటి’, దొంగతనం ఫిర్యాదుల్లో ‘బంగారు రంగు వాచీ ఒకటి’. రేపు సొత్తు దొరికినా అది నాదేనని యజమాని ఎలా రుజువు చేసుకోవాలి? నంబరు రాయడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం అధికారులకు ఉండదు, అడగాలన్న ఆలోచన కొన్నవాళ్లకు రాదు. తప్పుడు ట్రేడ్‌మార్కు సరుకు అమ్మితే 1999 చట్టం 104వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు ఉంది. అయినా ‘ఫస్ట్ కాపీ’ అని బోర్డు పెట్టి మరీ అమ్ముతున్నారు, అడిగే నాథుడు లేడు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. అమ్మకపు ప్రకటనల్లో పూర్తి నంబరు కనిపించేలా ఫొటోలు పెట్టొద్దని, చివరి మూడు అంకెలు మూసేయమని కూడా అందులో చెప్పండి. నకిలీవాళ్లకు నంబర్లు దొరికేది అక్కడే.

ఇట్లు
ఒక పాఠకుడు, సికింద్రాబాద్