మా ఊరి పాఠం పోయింది, అడిగితే వినే మనిషి మీ దగ్గర లేరు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,
గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: నేను తయారు చేసుకున్న ఫ్రెంచ్ పాఠాలు మీ అప్‌డేట్‌లో పోవడం, ఆ సంగతి చెబితే ఇంతవరకు ఎవరూ పట్టించుకోకపోవడం.

అయ్యా, అమ్మా,

నేను యానాంలో పిల్లలకు, కాలేజీ విద్యార్థులకు ఫ్రెంచ్ చెబుతాను. మీ ఆన్‌లైన్ కోర్సు మొదలైన కొత్తలోనే డబ్బు కట్టి చేరిన టీచర్లలో నేనొకదాన్ని. యాప్‌లో ఏదో పాడైందని ఇంత పొడుగు ఉత్తరం రాయడం లేదు. యాప్ పాడవుతుంది, బాగవుతుంది. కానీ వేసవి సెలవుల్లో మొదలైన ఈ గొడవలో మీ కంపెనీ వాళ్లు ఒక్కరు కూడా నేను చెప్పేది చివరిదాకా వినలేదు. నా కోపం దాని మీద.

జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. మొదటి స్థాయి కోర్సులో 'మన ఊళ్లో ఏం చేస్తాం' అనే యూనిట్ ఉంది. టీచర్ తన ఊరి ఫొటోలు, తన గొంతుతో ఆడియో పెట్టుకోవచ్చని చెప్పి మీరే అమ్మారు. నేను పెట్టుకున్నాను. అప్‌డేట్ వచ్చాక అవన్నీ పోయి, వాటి చోట మంచు మీద స్కీయింగ్, ఐస్ స్కేటింగ్, ఇనుప బంతులు విసిరే పెటాంక్ ఆట బొమ్మలు వచ్చి కూర్చున్నాయి.

ముందు చాట్‌లో అడిగాను. మెషీన్ సమాధానం వచ్చింది, పాస్‌వర్డ్ మార్చుకోమని. నేను పాస్‌వర్డ్ గురించి అడగలేదు. మళ్లీ రాస్తే టికెట్ నంబర్ ఇచ్చి, మా టీమ్ మిమ్మల్ని సంప్రదిస్తుందన్నారు. ఎవరూ సంప్రదించలేదు. కొన్నాళ్లకు 'మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి' అని మెయిల్ వచ్చింది. వెంటనే యాప్ తెరిచి చూశాను. అదే మంచు, అవే బొమ్మలు. పరిష్కారమైందని ఎవరు తేల్చారు? నన్ను అడిగారా?

తర్వాత ఫోన్ చేశాను. ఒకాయన స్క్రీన్‌షాట్ పంపమన్నారు, పంపాను. ఇంకోసారి చేస్తే వేరే అమ్మాయి ఎత్తి, మొత్తం మొదటి నుంచి చెప్పించుకుని, అదే స్క్రీన్‌షాట్ మళ్లీ అడిగింది. ముందు పంపానమ్మా అంటే, అది తనకు కనిపించడం లేదని చెప్పి లైన్ బిల్లింగ్‌కి కలిపింది. బిల్లింగ్ వాళ్లు 'మీ సబ్‌స్క్రిప్షన్ యాక్టివ్‌గానే ఉంది మేడమ్' అన్నారు. అది నాకూ తెలుసు, డబ్బు నా ఖాతాలోంచే పోయింది కదా! అక్కడి నుంచి టెక్నికల్‌కి మార్చారు. చాలాసేపు పాట వినిపించి ఫోన్ పెట్టేశారు. పిల్లలు వచ్చి వరండాలో కూర్చున్నా నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఒక సీనియర్ ఎగ్జిక్యూటివ్ గారి మాట. 'స్కీయింగ్ కూడా యాక్టివిటీనే కదా మేడమ్, దాంతోనే చెప్పేయండి, గ్రామర్ ఒకటే' అన్నారు. ఆయన పేరు రాయను. కానీ ఫ్రెంచ్ నేర్పే కోర్సు అమ్మే కంపెనీ మనిషి ఆ మాట అనకూడదు. ఎందుకో చెబుతాను, కనీసం ఈ ఉత్తరంలోనైనా వినండి.

కొత్తగా ఫ్రెంచ్ మొదలుపెట్టినవాళ్లకు తాము చేసే పనులు చెప్పడానికి ముందు కావాల్సినవి మూడు క్రియలు. ఫేర్ (చేయడం), ఝూయే (ఆడడం, వాయించడం), అలే (వెళ్లడం). సైకిల్ తొక్కుతానంటే 'జ్ ఫే ద్యు వేలో', క్రికెట్ ఆడతానంటే 'జ్ ఝూ ఓ క్రికెట్', సంతకు వెళ్తానంటే 'జ్ వే ఓ మార్షే'. పుంలింగ పదమైతే, ఆటకు ఝూయే తర్వాత 'ఓ' రావాలి, వాయిద్యానికి 'ద్యు' రావాలి. పిల్లలు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. నా క్లాసులో జాతరకు డప్పు వాయించే పిల్లాడున్నాడు. వాడు 'జ్ ఝూ ద్యు తాంబూర్' అన్నాడు, పక్కనే క్రికెట్ పిచ్చివాడు 'జ్ ఝూ ఓ క్రికెట్' అన్నాడు. ఆ రోజు నుంచి ఆ క్లాసులో ఎవరూ ఆ రెండూ కలిపేయలేదు. వాళ్లు చెప్పుకున్నది వాళ్ల సంగతి కాబట్టి నిలిచింది.

మీరు పోగొట్టిన యూనిట్ అలాంటి వాక్యాలతో చేసిందే. మంగళవారం సంత, గోదావరి గట్టు మీద సాయంత్రం నడక, పడవ ప్రయాణం, దగ్గర్లోని కోరింగ మడ అడవులు, వరదనీటికి ఎదురీదుతూ పులస వచ్చే రోజుల్లో చేపల దగ్గర బేరాలు, సంక్రాంతి ముగ్గులు. 'ఆ యానాం, ఇల్ యా అన్ మార్షే ల్ మార్ది' (యానాంలో మంగళవారం సంత ఉంటుంది) అని నేను రికార్డ్ చేసి పెట్టిన వాక్యం వినగానే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడేవాళ్లు. సంతలో ఏం కొన్నారు, ఎవరితో వెళ్లారు అని ఫ్రెంచ్‌లో అడుక్కునేవాళ్లు. తప్పులు ఉండేవి, ఉండనివ్వండి. నోరు తెరవడమే కదా మొదటి స్థాయిలో కావాల్సింది.

మీ స్కీయింగ్ బొమ్మలు వచ్చాక ఏమైందో తెలుసా? తొలి స్థాయి ఫ్రెంచ్ భాషా పరీక్ష అయిన డెల్ఫ్ ఎ1కు మౌఖిక పరీక్ష ప్రాక్టీస్ పెట్టాను. వారాంతంలో ఏం చేస్తావని అడిగితే ఒకమ్మాయి మీ పాఠం బట్టీ పట్టి 'జ్ ఫే ద్యు స్కీ' అంది. 'ఊ?' అని అడిగాను, ఎక్కడ అని. ఆ అమ్మాయి మంచునే చూడలేదు. నోటమాట రాక తల దించుకుంది. ఆ పరీక్షలో నాలుగు విభాగాలు, ఒక్కోటి 25 మార్కులు. మొత్తం 100కి 50 రావాలి, ఏ విభాగంలోనూ 5 కంటే తగ్గకూడదు. మౌఖిక పరీక్ష మొదలయ్యేదే నీ గురించి, నీ ఇంటివాళ్ల గురించి, నీ ఇష్టాల గురించి చెప్పమనే ప్రశ్నలతో. అక్కడ తనది కాని జీవితం గురించి చెప్పాల్సి వస్తే పిల్ల ఏం చేస్తుంది?

ఇంకోమాట. యానాం 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న ఊరు. 1962లో చట్టప్రకారం భారత్‌లో కలిసింది. ఇప్పటికీ ఇక్కడ ఫ్రాన్స్‌లో బంధువులున్న ఇళ్లున్నాయి. అక్కడి పిన్నితోనో మేనత్త పిల్లలతోనో వీడియో కాల్‌లో నాలుగు ముక్కలు ఫ్రెంచ్‌లో మాట్లాడాలని నా దగ్గరికి వచ్చే పిల్లలున్నారు. అవతలివాళ్లు అడిగేది మంచు సంగతి కాదు. మన ఊళ్లో గోదావరి ఎలా ఉంది, వరద వచ్చిందా, సంత అలాగే జరుగుతోందా అనే. ఆ పిల్లలకు నేను చెప్పే ఫ్రెంచ్ ముందు అందుకు పనికిరావాలి.

పారిస్ గురించి, ఆల్ప్స్ గురించి చెప్పొద్దని నేననడం లేదు. చెబుతాను, ఇష్టంగా చెబుతాను. కానీ అది రెండో మెట్టు. తన వీధి గురించి మాట్లాడగలిగిన పిల్లే రేపు పారిస్ వీధి గురించి అడగగలుగుతుంది.

మీ కోర్సును కాకినాడలో, రాజమండ్రిలో తెలిసిన టీచర్లకు చెప్పింది నేనే. వాళ్లు నా మాట నమ్మి డబ్బు కట్టారు. పోయినేడాది మీరు ధర పెంచినప్పుడు కూడా నేను మానలేదు, ఆ ఒక్క యూనిట్ కోసమే ఉండిపోయాను. ఇన్నేళ్లుగా ఉన్న మనిషినని మీ రికార్డులో లేదా? ఉంటే, ఒక్కరైనా ఫోన్ చేసి 'మేడమ్, మా వల్ల పొరపాటు జరిగింది, వెతుకుతున్నాం' అని ఉంటే ఈ ఉత్తరం ఉండేదే కాదు. రాత్రులు కూర్చుని పిల్లలతో కలిసి చేసిన పని అది. ఒక అవ్వ సంతలో తన కూరగాయల బుట్ట ఫొటో తీసుకోనిచ్చింది. ఇద్దరు పిల్లలు పడవ మీద నిలబడి వాక్యాలు చెప్పారు, వెనక నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. అవి మళ్లీ రికార్డ్ చేయమంటే ఆ పిల్లల గొంతులు కూడా మారిపోయాయి.

మీ సర్వర్‌లో పాత కాపీ ఉండే ఉంటుంది. దాన్ని తీసి నా యూనిట్ నాకు తిరిగి ఇవ్వండి. లేదంటే లేదని రాతపూర్వకంగా చెప్పి, ఈ ఏడాది డబ్బు వెనక్కి ఇవ్వండి. ఏ టీచర్ పాఠాన్నీ అడగకుండా చెరపబోమని కూడా అందులో రాయండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీరు ఆ గడువులు ఎప్పుడో దాటేశారు. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, రసీదు నా దగ్గర ఉంటుంది. వారంలోగా పేరు, హోదా ఉన్న మనిషి నుంచి జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేనున్న చోటి నుంచే కేసు వేయవచ్చు, మీ ఊరు రానక్కర్లేదు. మీ చాట్ కాపీలు, పరిష్కారమైందని మీరు పంపిన మెయిల్, నేను పంపిన స్క్రీన్‌షాట్లు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టాను. కాకినాడ, రాజమండ్రి టీచర్లకు కూడా ఈ ఉత్తరం కాపీ పంపుతున్నాను. వచ్చే నెల వాళ్ల రెన్యువల్ ఉంది.

ఇట్లు,
ఒక ఫ్రెంచ్ టీచర్,
యానాం