ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు వేగం కన్నా చోటు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటరుకు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు బదులు వాడే, చిప్పులతో చేసిన డ్రైవు) ఎంపిక గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. వేగం ఎక్కువగా ఉండే చిన్న డ్రైవు, వేగం కాస్త తక్కువైనా చోటు ఎక్కువగా ఉండే డ్రైవు ఒకే ధరకు దొరికితే మొదటిదే కొనమని అందులో సలహా ఇచ్చారు. పర్లాకిమిడిలో పదిహేనేళ్లుగా పెళ్లి వీడియోలు, ఆల్బములు తయారుచేస్తున్నవాడిగా ఆ సలహాతో నేను ఏకీభవించలేను. నేనూ ఒకప్పుడు సరిగ్గా ఆ పనే చేసి నష్టపోయాను.

రెండేళ్ల కిందట పాత హార్డ్ డిస్కు మార్చడానికి ఒక దుకాణానికి వెళ్లినప్పుడు, పెట్టె మీద సెకనుకు 7,000 మెగాబైట్లని అచ్చువేసిన 500 జీబీ జెన్4 (నాలుగో తరం) డ్రైవునూ, దాదాపు అదే ధరకు 1 టీబీ జెన్3 (అంతకుముందు తరం) డ్రైవునూ చూపించారు. ఆ 7,000 అంకె చూసి మొదటిది తీసుకున్నాను. ఇంటికి వచ్చి బిగించాక తెలిసిందేమిటంటే, నా మదర్‌బోర్డులో ఇటువంటి డ్రైవును బిగించే ఎం.2 స్లాటు జెన్3 మాత్రమే కావడం వల్ల ఆ డ్రైవు 3,500 దగ్గరే ఆగిపోతుంది. బోర్డు ఏదని అమ్మినవారు అడగలేదు, కొన్న నేనూ చూసుకోలేదు కనుక తప్పు ఇద్దరిదీ. పైగా పెట్టె మీది 500 జీబీ విండోస్ లెక్కలో 465 మాత్రమే. విండోసూ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లూ, ఒడియా తెలుగు ఫాంట్లూ తమ వాటా తీసుకున్నాక మిగిలిన చోటు మాఘమాసపు ముహూర్తాలకే నిండిపోయింది.

అసలు ఇబ్బంది అక్కడ మొదలైంది. నేడు ఎక్కువగా అమ్ముడయ్యే టీఎల్‌సీ డ్రైవులలో ఒక్కొక్క మెమరీ గదిలో మూడు బిట్లు ఉంటాయి. అలా మూడేసి రాయడం నెమ్మది కాబట్టి, డ్రైవు ముందుగా ఖాళీ గదుల్లో ఒక్కొక్క బిట్టే చకచకా రాసుకొని, తీరిక దొరికినప్పుడు వాటిని సర్దుకుంటుంది. చాలా డ్రైవులలో పెట్టె మీది రాత వేగం ఈ తాత్కాలిక ఏర్పాటుదే. డ్రైవు నిండుతున్న కొద్దీ ఖాళీ గదులు తగ్గి ఆ ఏర్పాటు కుంచించుకుపోతుంది. పాతపట్నంలో ఒక పెళ్లి, మర్నాడే కాశీనగర్‌లో ఒక రిసెప్షన్ ముగించుకొని వచ్చి వీడియో ఎగుమతి చేయబోతే, అంత ఖరీదైన డ్రైవు మధ్యలో చతికిలబడింది. ఏ పెళ్లి తాలూకు ఫైళ్లు తీసేయాలా అని అర్ధరాత్రి వెతుక్కోవడానికి పోయిన సమయాన్ని ఏ వేగం తిరిగి ఇస్తుంది?

హార్డ్ డిస్కు నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. అందులో సందేహం లేదు. కానీ సెకనుకు 550 మెగాబైట్ల సాటా (పాత రకం కనెక్షన్) డ్రైవు మీద గానీ, దానికి ఎన్నో రెట్ల వేగం గల ఎన్‌వీఎంఈ (పైన చెప్పిన జెన్3, జెన్4 రకం) మీద గానీ విండోస్ తెరుచుకోవడంలో కనిపించే తేడా కొద్ది సెకన్లే. అక్కడ చదవవలసినవి చిన్న చిన్న ఫైళ్లు, పైగా ప్రాసెసర్ తన పని తాను ముగించుకోవాలి కదా! కెమెరా కార్డుల సంగతీ అంతే. మాలాంటివారు వాడే యూహెచ్‌ఎస్-1 కార్డుల గరిష్ఠ పరిమితే సెకనుకు 104 మెగాబైట్లు కాబట్టి, నిండుగా ఉన్న 64 జీబీ కార్డును దించుకోవడానికి పది నిమిషాలకు పైనే పడుతుంది. అవతలి డ్రైవు ఎంత పరుగెత్తగలదైనా ఆ సమయం తగ్గదు.

మన్నిక కూడా పరిమాణంతోనే పెరుగుతుంది. ఉదాహరణకు సామ్‌సంగ్ 870 ఈవోలో 500 జీబీ డ్రైవుకు 300 టెరాబైట్ల రాతల వరకు వారంటీ ఉంటే, 1 టీబీకి 600 ఉంటుంది. అయితే పెద్దది కదా అని ఏదో ఒకటి కొనకూడదు. ఒక్కొక్క గదిలో నాలుగేసి బిట్లు కుక్కే క్యూఎల్‌సీ రకాలూ మార్కెట్లో ఉన్నాయి. అదే సంస్థ 870 క్యూవీవోలో 1 టీబీ డ్రైవు, తాత్కాలిక చోటు నిండిపోయాక సెకనుకు 80 మెగాబైట్లే రాస్తుందని ఆ సంస్థే తన వివరాల్లో ప్రకటించింది. ఇది మంచి హార్డ్ డిస్కు కన్నా తక్కువ. నేను చెప్పే పెద్ద డ్రైవు టీఎల్‌సీ రకమే.

నాలుగైదు కెమెరాల 4కే వీడియోను ఒకేసారి తెర మీద నడిపిస్తూ కత్తిరించేవారికి, రోజూ వందల జీబీలు ఒక డ్రైవు నుంచి మరొక డ్రైవుకు మార్చేవారికి వేగం నిజంగానే అవసరం. కానీ వారు కూడా ముందు తమ బోర్డు ఏ జెన్‌దో చూసుకోవాలి. బిల్లులు రాసుకునే కొట్లకు, ఇంట్లో చదువుకునే పిల్లలకు, జిరాక్స్ షాపులకు ఆ అవసరం రాదు. గజపతి, రాయగడ జిల్లాల్లో డ్రైవు మార్పించుకోవాలంటే చాలామంది బరంపురమో శ్రీకాకుళమో వెళ్లాలి. అందుకే ఒక్కసారి కొన్నది నాలుగేళ్లయినా చాలేలా కొనాలని నా ఉద్దేశం. నేను చివరకు 1 టీబీ జెన్3 డ్రైవు కొని విండోసునూ, నడుస్తున్న పనులనూ అందులో పెట్టుకున్నాను. ముగిసిన పెళ్లిళ్లన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో ఉంటాయి, ఎందుకంటే ఏడాది తరువాత పెళ్లివారు మళ్లీ అడగడం మాకు మామూలే.

మీ పత్రికలో ఇకముందు ఇటువంటి వ్యాసాలు వేసేటప్పుడు సెకనుకు ఎన్ని మెగాబైట్లో చెప్పడంతోపాటు, డ్రైవు టీఎల్‌సీయా క్యూఎల్‌సీయా, ఎన్ని టెరాబైట్ల రాతల వరకు వారంటీ ఉంది, ముప్పాతిక నిండాక ఎంత వేగం మిగులుతుంది అనే మూడు వివరాలూ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా