నాన్న పంచె, మన గేదె

ఒరేయ్ శీనూ,

ముందు సారీ రా. నువ్వు కెనడా నుంచి మీ ఎడ్మంటన్ ఫోటోలు పంపి రెండు నెలలైంది, ఇవాళ రాద్దాం రేపు రాద్దాం అనుకుంటూనే... తిట్టుకో. ఇక్కడ అందరం బానే ఉన్నాం, చిన్నదాని టెన్త్ పరీక్షలయ్యాయి, అమ్మ మోకాళ్ళు మామూలే. అసలు సంగతి విను, నిన్న నాన్నని పార్కుకి తీసుకెళ్ళా.

ఏ పార్కంటావా, మన బెజవాడ కృష్ణలంకలో వరద ఆపే రిటైనింగ్ వాల్ లేదూ, దానికి ఏటి వైపు 2024లో తెరిచారే, అది. మీ ఊరి నది లోయలో 160 కిలోమీటర్ల పైన నడక దారులున్నాయని కోతలు కోశావుగా, మాది అంత లేదులే. పైగా ఆ సెప్టెంబర్‌లోనే మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి, 70 గేట్లూ ఎత్తేసి, పడవలు కొట్టుకొచ్చి గేట్లని గుద్ది... నువ్వు అర్ధరాత్రి ఫోన్ల మీద ఫోన్లు చేసింది అప్పుడే. పార్కు పోయింది గానీ గోడ మమ్మల్ని కాపాడింది. అటు సింగ్‌నగర్ మాత్రం బుడమేరు వాగు వరదకి... వద్దులే, అదెత్తితే ఇంకో ఉత్తరం అవుద్ది. నాన్నేమో గోడని నమ్మలేదు, టీవీ, మిక్సీ, ఇంటి కాగితాలు అటకెక్కించి కింద కుర్చీ వేసుక్కూర్చున్నాడు. 2009 వరదల్లో బడిలో పడుకున్న రాత్రులు మర్చిపోతాడా మరి.

నిన్న కూడా మెట్ల మీదే ఆగిపోయి "ఏట్లోకి దిగి షికారేంట్రా" అంటాడు. శీనుగాడి ఊళ్ళో కూడా 1915లో నది పొంగి ఇళ్ళు ముంచిందంట, ఇప్పుడా లోయంతా పార్కులేగా అన్నా. "ఆడి నది చలికాలం గడ్డకట్టుద్ది, మన కృష్ణమ్మ కట్టదుగా" అన్నాడు. ఏం చెప్తాం!

దిగాక మాత్రం ఆగితేనా. జిమ్ సామాన్లలో కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపేది ఉంటుంది చూడు, దాని మీదెక్కాడు, పంచెతో! నాలుగు ఊపులు ఊపాడో లేదో అంచు వెళ్ళి కీలులో ఇరుక్కుంది. దిగలేడు, ఊగలేడు, లాగితే పరువు పోద్ది. వాకింగ్‌కొచ్చినోళ్ళంతా మూగి తలో సలహా. చివరికి మొక్కలకి నీళ్ళు పెట్టే ఆవిడ కొమ్మల కత్తెర తెచ్చి "తాతా, కదలకు" అని జానెడు అంచు కత్తిరించి పడేసింది. నేను నవ్వాపుకోలేక అటు తిరిగా.

తర్వాత బెంచీ మీద చాలాసేపు ఏం మాట్లాడలేదు రా. నీళ్ళ వంకే చూస్తూ, ఉన్నట్టుండి "శీనుగాడి గేదె ఒడ్డెక్కింది ఇక్కడే కదరా" అన్నాడు. ఒట్టు, గేదె సంగతి నేనెత్తలేదు! ఆ రోజు దాని తోక పట్టుకుంది నువ్వా నేనా అని కూడా అడిగాడు, నేను మాత్రం...

ఉండు, కింద హారన్. నా ట్రాక్ ప్యాంటు వేసుకుని బండి మీద రెడీగా కూర్చున్నాడు. మళ్ళీ రాస్తా