సన్ సిటీ కచేరీలు, మన నెల్లూరు రెడ్డిగారు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో సంగీతకారుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఏ దేశాన్ని ఎవరు ఏలుతున్నారన్నది గాయకుడికి అనవసరమని, పిలిచిన చోటికి వెళ్ళి పాడి రావడమే అతని ధర్మమని అందులో రాశారు. దక్షిణాఫ్రికాలో నల్లజాతివారిని వేరుచేసి అణచిన జాత్యహంకార ప్రభుత్వాన్ని కళాకారులు బహిష్కరించిన చరిత్రనైతే ఒక్క వాక్యంలో తీసిపారేశారు. దానివల్ల శ్రోతలు నష్టపోయారే తప్ప ప్రభుత్వానికి ఏమీ కాలేదట. నేను నెల్లూరులో చాలా ఏళ్ళుగా వయొలిన్ నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు కొందరు పక్కవాద్యం వాయిస్తూ దేశాలు తిరుగుతున్నారు. ఆ వ్యాసం చదివి వాళ్ళు అదే నిజమనుకుంటారేమోనన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మిరియం మకేబా దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్ గాయని. 1960లో ఆమె అమెరికాలో ఉండగా తల్లి చనిపోయిందని కబురొచ్చింది. ఆఖరి చూపుకి వెళ్దామంటే తన పాస్‌పోర్టు రద్దయిందని తెలిసింది. 1963లో ఐక్యరాజ్యసమితి వర్ణవివక్ష వ్యతిరేక కమిటీ ముందు ఆమె తన ప్రజల తరఫున మాట్లాడింది. దాంతో ఆమె రికార్డులను సొంత దేశంలోనే నిషేధించారు. మళ్ళీ ఆ గడ్డ మీద కాలు పెట్టింది 1990లోనే. కళకు ఎల్లలు లేవని రాసిన రచయిత ఆమె గురించి ఒక్క మాటైనా రాయలేదు.

ఆమె మాట్లాడిన ఆ కమిటీకి అప్పుడు కార్యదర్శి మన తెలుగాయనే. అప్పటి నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డిగారు. 1946లో చదువుకోసం న్యూయార్క్ వెళ్ళి, 1949లో ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగంలో చేరి, దక్షిణాఫ్రికా విముక్తి కోసమే జీవితమంతా పనిచేశారు. 1976లో ఐక్యరాజ్యసమితి వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరయ్యారు. 2013లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం విముక్తి ఉద్యమ నాయకుడు ఆలివర్ టాంబో పేరిట ఉన్న జాతీయ పురస్కారంతో ఆయన్ని గౌరవించింది. 2020లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన పుట్టిన జిల్లాలో పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

దక్షిణాఫ్రికా జాత్యహంకార ప్రభుత్వంతో సాంస్కృతిక సంబంధాలు తెంచుకోమని ఐక్యరాజ్యసమితి 1968లోనే పిలుపునిచ్చింది. 1983లో, రెడ్డిగారి కేంద్రం పనిచేస్తున్న రోజుల్లోనే, దక్షిణాఫ్రికా వెళ్ళి ప్రదర్శనలిచ్చిన కళాకారుల పేర్లతో ఒక రిజిస్టర్ బయటికొచ్చింది. దాన్ని జనం బ్లాక్‌లిస్ట్ అన్నారు. కానీ ఆ రిజిస్టర్ పద్ధతి వేరు. ఇకమీదట వెళ్ళనని మాట ఇస్తే చాలు, పేరు తీసేసేవారు. జరిమానా లేదు, క్షమాపణ పత్రం లేదు. ఆ ప్రభుత్వాన్ని ఒంటరి చేయడమే వాళ్ళకు కావలసింది, గాయకుల్ని శిక్షించడం కాదు.

సన్ సిటీ అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. నల్లజాతివారిని సొంత దేశంలోనే పరాయివాళ్ళను చేయడానికి దక్షిణాఫ్రికా ప్రభుత్వం దేశంలో కొన్ని ముక్కల్ని విడదీసి, వాటికి స్వాతంత్ర్యం ఇచ్చామని ప్రకటించింది. అలా 1977లో ఏర్పడిందే బొఫుతత్స్వానా. బయటి ప్రపంచంలో ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. 1979లో అక్కడ హోటళ్ళు, జూదశాలలు, కచేరీ హాలుతో సన్ సిటీ తెరిచారు. దక్షిణాఫ్రికాలో జూదం నిషేధం కాబట్టి జొహన్నెస్‌బర్గ్ నుంచి డబ్బున్న తెల్లవాళ్ళు కార్లలో అక్కడికి వచ్చేవాళ్ళు. అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాత్రా 1981లో అక్కడ పాడాడు. 1984లో బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ వెళ్ళింది. ఆ హాల్లో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి కూర్చుంటారు కదా, ఇక తప్పేముంది అని చాలామంది వాదించారు. కలిసి కూర్చోనిచ్చింది నిజమే. అక్కడ ఒక పెద్ద గాయకుడు పాడిన ప్రతిసారీ, ఆ బూటకపు దేశం నిజం దేశమేనన్న ప్రచారానికి ఒక ఫొటో దొరికేది. ప్రభుత్వానికి కావలసింది అదే.

లోపలికి వెళ్ళి మార్చవచ్చు కదా అని వ్యాసకర్త అడిగారు. ఆ ప్రయత్నమూ జరిగింది. బ్రిటిష్ గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ 1964లో, రంగును బట్టి విడదీయని శ్రోతల ముందే పాడతానని షరతు పెట్టి మరీ వెళ్ళింది. కేప్‌టౌన్ దగ్గర అలాగే పాడింది. ప్రభుత్వం ఆమెను దేశం నుంచి పంపించేసింది.

అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ విషయం ఇంత తేలిక కాదు. 1985లో ఆయన జొహన్నెస్‌బర్గ్ వెళ్ళి అక్కడి నల్లజాతి వాద్యకారులతో రికార్డింగ్ చేశాడు. వాళ్ళకు న్యూయార్క్ రేటు కంటే మూడు రెట్లు ఇచ్చాడు. అంతకుముందు సన్ సిటీ పిలిస్తే వెళ్ళనన్నాడు. 1987లో ఆయనతో కలిసి వేదికెక్కింది ఎవరనుకున్నారు? మకేబా, దక్షిణాఫ్రికా ట్రంపెట్ విద్వాంసుడు హ్యూ మసెకెలా. బహిష్కరణతో ఎక్కువ సంబంధమున్నవాళ్ళే ఆయన పక్కన నిలబడ్డారు. అయినా లండన్‌లో ఆ కచేరీ దగ్గర నిరసన జరిగింది. వెళ్ళేముందు, విముక్తి ఉద్యమం నడిపిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను ఒక్క మాట అడగకపోవడం తప్పేనని నా అభిప్రాయం. కానీ స్టూడియోలో వాళ్ళ పక్కన కూర్చుని వాయించడం, డబ్బూ పేరూ పంచుకోవడం సన్ సిటీ కచేరీలాంటిది కాదు. ఆ తేడాను ఉద్యమమే గుర్తించింది. ప్రజల పక్షాన నిలిచే కళకు దారి వదలాలని, ప్రభుత్వానికి పనికొచ్చేదాన్నే ఆపాలని 1987లో ఆలివర్ టాంబో చెప్పారు. బహిష్కరణ అంటే కళ్ళు మూసుకుని అన్నిటికీ వద్దనడం కాదని నేను నా పిల్లలకు చెప్పేది ఇందుకే. అక్కడ బాధపడేవాళ్ళు ఏం కోరుతున్నారో ముందు వినాలి.

ఇక వ్యాసంలో అసలు కనబడని మనుషుల గురించి చెప్పాలి. పాడేవారు పెద్దవారైతే ఒక కచేరీ వదులుకోగలరు. వెనక కూర్చున్న వయొలిన్, మృదంగం వాళ్ళకు ఆ సంభావన ఇంటి అద్దె. నీతి కోసం దాన్ని వదులుకోమని ఒంటరి మనిషికి చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు. అందుకే బ్రిటన్‌లో సంగీతకారుల యూనియన్ చేసిన పని నాకు నచ్చుతుంది. దక్షిణాఫ్రికాలో ఎవరూ వాయించకూడదని అందరికీ కలిపి నియమం పెట్టింది, క్వీన్ బృందం దాన్ని దాటితే వాళ్ళకూ జరిమానా వేసింది. నియమం అందరిదైనప్పుడు, కాదన్న చిన్న కళాకారుడు ఒంటరివాడు కాడు. మన సభలు, సంఘాలు ఇలాంటి మాట ఎప్పుడైనా కలిసి మాట్లాడుకున్నాయా?

1985లో సన్ సిటీలో వాయించబోమని అమెరికాలో స్టీవెన్ వాన్ జాంట్ పిలుపుతో రాక్, రాప్, జాజ్ కళాకారులు కలిసి ఒక రికార్డు చేశారు. అందులో మద్రాసులో పుట్టిన ఎల్. శంకర్ వయొలిన్ కూడా ఉంది. ఈ సంగతి చెబితే మా పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. మన వాద్యం ఆ పోరాటంలో ఉందంటే నాకూ గర్వమే. మన దేశం 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానేసింది. 1974లో టెన్నిస్‌లో డేవిస్ కప్ ఫైనల్‌కి చేరి కూడా, ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా కాబట్టి ఆడకుండా కప్పు వదులుకుంది. మన జట్టు మళ్ళీ ఫైనల్‌కి చేరింది 1987లోనే. అంత పెద్ద త్యాగాన్ని దండగ అని ఎలా అంటాం?

1860 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటల కూలికి వెళ్ళిన మన తెలుగువాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ డర్బన్‌లో ఉన్నారు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషనూ పాటనూ కాపాడుకున్నారు. వర్ణవివక్ష చట్టాల కింద ఇళ్ళు ఖాళీ చేయాల్సివచ్చిన కుటుంబాలు వాళ్ళలోనూ ఉన్నాయి. బయటి గాయకులు రానన్న ఆ రోజులు వాళ్ళకు ఎలా ఉండేవో తెలుగులో నేనెక్కడా చదవలేదు. మీ పత్రిక ఆ కుటుంబాలతో మాట్లాడి ఒక వ్యాసం వేయాలని, దాని పక్కనే రెడ్డిగారి జీవితం గురించి కూడా రాయాలని కోరుతున్నాను. అచ్చయితే మా జిల్లాలోని సంగీత విద్యార్థులందరికీ ప్రతులు నేనే పంచుతాను.

ఇట్లు,
ఒక వయొలిన్ ఉపాధ్యాయురాలు,
నెల్లూరు