ఆంధ్ర ఆడిన మ్యాచ్‌లో ఆంధ్ర ఏదీ?

సంపాదక మహాశయులకు,

నమస్కారం. 2025 డిసెంబర్ 25న మీ క్రీడల పేజీలో రాష్ట్రాల జట్లు ఆడే వన్డే క్రికెట్ టోర్నీ విజయ్ హజారే ట్రోఫీ వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఊరుకోలేక ఇప్పుడు రాస్తున్నాను.

పేజీలో సగం కోహ్లి ఫొటోయే. ఇన్నేళ్ల తర్వాత ఈ టోర్నీలో దిగాడు, 101 బంతుల్లో 131 కొట్టాడు. రాయాల్సిందే. కోహ్లి ఆట నాకూ ఇష్టమే. కానీ ఆ పరుగులు ఎవరి మీద కొట్టాడు? మన ఆంధ్ర మీద. అదే మ్యాచ్‌లో మన రికీ భుయ్ 122 కొట్టాడు. ఆ సంగతి ఎక్కడుందా అని వెతికితే చిట్టచివర ‘అంతకుముందు’ అంటూ ఒక్క వాక్యం కనిపించింది. ఆంధ్ర 298 చేసిందని ఉంది, మిగతావాళ్లు ఎవరెంత కొట్టారో లేదు. మన బౌలర్లలో ఎవరికి ఎన్ని వికెట్లు పడ్డాయో లేదు. 26న ఆడిన రెండో మ్యాచ్‌కైతే రెండే లైన్లు. ఢిల్లీ పేపర్లు ఇలా రాస్తే అర్థం చేసుకోవచ్చు. పొద్దున్నే చిత్తూరులో మా వాకిట్లో పడే తెలుగు పేపరు కూడా ఇలాగే రాస్తే ఎవరితో చెప్పుకోవాలి?

రికీ భుయ్ నిన్న మొన్న వచ్చినవాడు కాదు. 2023-24 రంజీ సీజన్‌లో 902 పరుగులు చేసి దేశంలోనే అందరికంటే పైన నిలిచాడు. నా దగ్గర క్రికెట్ నేర్చుకునే పిల్లల్లో ఎంతమందికి ఈ మాట తెలుసో అడిగి చూశాను. ఇద్దరికి తెలుసు. ఐపీఎల్ ధరలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. తప్పు పిల్లలది కాదు. మనం ఏది రాస్తే, ఏది చూపిస్తే వాళ్లు అదే నేర్చుకుంటారు.

చూపించడం అన్నాను కాబట్టి ఆ బాధ కూడా చెప్పుకోనివ్వండి. ఈ టోర్నీలో 38 జట్లు. రౌండు మొదలైతే ఒకే రోజు 19 మ్యాచ్‌లు. 24వ తేదీన టీవీలో వచ్చినవి అహ్మదాబాద్, రాజ్‌కోట్‌లలో ఆడినవి మాత్రమే. ఢిల్లీ, ఆంధ్ర మ్యాచ్ బెంగళూరులో క్రికెట్ బోర్డు సొంత మైదానంలో తలుపులు మూసి ఆడించారు. అదే ఏడాది జూన్ 4న ఆ ఊళ్లోని చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది పోయారు. అందుకే కర్ణాటక ప్రభుత్వం జాగ్రత్త పడింది, అందులో తప్పు పట్టను. చిత్తూరు నుంచి బస్సెక్కితే నాలుగు గంటల్లో వెళ్లి చూసి రావచ్చనుకున్న మాలాంటివాళ్లు మనసు సర్దిచెప్పుకున్నాం. జనాన్ని రానివ్వలేనప్పుడు రెండు కెమెరాలన్నా పెట్టి చూపించాలి కదా! అదే రోజు జైపూర్‌లో రోహిత్ ఆడితే టికెట్ లేకుండా జనాన్ని రానిచ్చారు. వాళ్లకు ఆ భాగ్యమైనా దక్కింది.

ఆ రోజు మేం మ్యాచ్ ఎలా చూశామో మీకు తెలియాలి. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరై తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ పొద్దున్నే పిల్లలకు నెట్స్ వేయిస్తాను. ప్రాక్టీస్ అయ్యాక తొమ్మిది మందిమి టీ అంగడి దగ్గర బెంచీ మీద ఒక ఫోన్ నిలబెట్టుకుని కూర్చున్నాం. బొమ్మ లేదు, స్కోరు అంకెలే. అంకె మారేదాకా అందరూ ఊపిరి బిగబట్టడం, 6 అని పడగానే కేకలు వేయడం. మా ఓపెనర్ కుర్రాడు, పదహారేళ్లవాడు, ఉన్నట్టుండి అడిగాడు: “సార్, భుయ్ అన్న స్పిన్నర్‌ని ముందుకొచ్చి కొడతావున్నాడా, క్రీజులోంచే కొడతావున్నాడా?” నా దగ్గర జవాబు లేదు. వాడు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఫోన్లో పడిన ఆ 6 లాంగాన్ మీదుగా వెళ్లిందో, స్వీప్ చేస్తే వెళ్లిందో నాకేం తెలుసు? పొద్దున్నే పేపర్లో చూద్దాంలేరా అన్నాను. పొద్దున మీ పేపర్లో ఆ ఒక్క వాక్యం.

మా పక్క ఆటను పట్టించుకునే నాథుడు లేడు. మా పిల్లలు ఆడే మైదానంలో ఏడాదికి రెండు ఎగ్జిబిషన్లు, లెక్కలేనన్ని సభలు. అవి అయ్యాక పందిరి గుంజల గుంతలు అలాగే వదిలేసి పోతారు. మ్యాటింగ్ పరిచి రాయితో మేకులు కొట్టేముందు పిల్లలు చేతులతో ఆ గుంతల్లో మన్ను పూడ్చుకుంటారు. నవంబరులో ఒక గుంత మట్టి వానకు దిగిపోతే, అందులో కాలు పడి మా లెఫ్టార్మ్ కుర్రాడి చీలమండ వాచిపోయింది. నెల రోజులు బంతి పట్టలేదు. అర్జీ తీసుకుని ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను. మూడోసారి మొదటి అర్జీ కనపడలేదన్నారు, నాలుగోది రాసిచ్చి వచ్చాను. తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాలై మూడేళ్లు దాటింది. బోర్డులు మారాయి, గుంతలు మారలేదు.

రాయలసీమలో పెద్ద ఆట నడవదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 2024 సెప్టెంబర్‌లో అనంతపురం ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ ఆడించారు. భారత జట్టు ఆటగాళ్లు వచ్చారు, ఎండలో కూర్చుని జనం చూశారు. ఒక స్వచ్ఛంద సంస్థ పెంచిన మైదానం అది. రోజూ దేశం నలుమూలల నుంచి వేల మంది వచ్చిపోయే తిరుపతికి అలాంటి మైదానం ఒకటి ఉండకూడదా?

టోర్నీకి ఎవరి పేరు పెట్టారో కూడా మీరు ఒక్కసారి రాయలేదు. 1952 ఫిబ్రవరిలో మద్రాసు చెపాక్ మైదానంలో ఇంగ్లాండ్‌ను ఓడించి భారత్ మొట్టమొదటి టెస్టు గెలిచినప్పుడు కెప్టెన్ విజయ్ హజారేనే. ఒకే టెస్టులో రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ చేసిన తొలి భారతీయుడూ ఆయనే. అప్పటికి చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. మా నాయన కాట్పాడి వెళ్లి రైలెక్కి ఆ టెస్టుకు పోయాడు. మొదటి రోజే ఇంగ్లాండ్ రాజు చనిపోయిన వార్త రావడంతో మర్నాడు ఆట లేదు. చేతిలో డబ్బులయిపోతాయని తెలిసినా ఊరికి తిరిగి రాకుండా, స్టేషన్‌లో పడుకుని మన స్పిన్నర్ వినూ మన్కడ్ బౌలింగ్ చూసి వచ్చాడు. ఆ మన్కడ్ ఎడమచేతిని ఎలా తిప్పాడో మా ఇంటి వసారాలో నిమ్మకాయతో చూపించేవాడు. నేను బంతి పట్టింది అది చూసే.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఆంధ్ర ఆడిన ప్రతి మ్యాచ్‌కీ పూర్తి స్కోరుబోర్డు వేయండి, రెండు వైపులదీ. మన కుర్రాడు సెంచరీ కొడితే ఎలా కొట్టాడో అక్కడున్నవాళ్లనెవరినైనా అడిగి నాలుగు మాటలు రాయండి.  మా ఓపెనర్ పొద్దున్నే నెట్స్‌కు వచ్చేటప్పుడు ఇప్పటికీ మీ పేపరే చంకలో పెట్టుకుని వస్తున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
చిత్తూరు