గుండు మిషన్ ముచ్చట

కర్నూలు,
ఆదివారం.

ఒరేయ్ బక్కోడా,

ఎట్లున్నావు? మొన్న మావాడి సెల్‌లో టకటకా చప్పుళ్ళు వినిపిస్తే తొంగి చూశాను. మన గుండు మిషన్! పిన్‌బాల్ అంటారంట దాన్ని, మనకా పేరెక్కడ తెలుసు? నన్నూ ఆడమని ఇచ్చాడు. గుండు నడిమి సందులోకి జారిపోతుంటే అలవాటుకొద్దీ సెల్‌నే పక్కకు ఊపాను. "ఊపితే ఏం కాదు నాయనా" అని ఒకటే నవ్వు. ఊపినా ఏం కానిది ఒక మిషనా రా!

రాజ్ విహార్ దగ్గర సందులో భాయ్ వీడియో గేమ్స్ అంగడి గుర్తుందా? పిల్లలంతా ముందున్న టీవీ ఆటల మీద పడేవాళ్ళు. మన మిషన్ చివర్న, గోడ వారగా, ఒక కాలి కింద అట్టముక్కతో. ఆటకు రూపాయి, మూడు గుండ్లు. పొద్దున ఉగ్గాని బజ్జీ మానుకుని దాచిన రూపాయలు ఎన్ని మింగిందో అది.

నేను రెండు బటన్లూ కలిపి దబదబా బాదేవాణ్ణి. నువ్వు మాత్రం బటన్ నొక్కితే లేచే ఆ రెక్క ఎత్తి పట్టి, గుండును దాని మీద నిలబెట్టి, నిదానంగా వదిలి, కొసదాకా జారనిచ్చి అప్పుడు కొట్టేవాడివి. గుండు పోయి రబ్బరు గుబ్బల మధ్య పడి కొట్టుకుంటుంటే లెక్క గిర్రున తిరిగేది. గుండు దారి తప్పితే ఆ బక్క నడుముతోనే మిషన్‌ను చిన్నగా నెట్టేవాడివి, టిల్ట్ రాకుండా, అంటే ఎక్కువ ఊపారని మిషన్ ఆ గుండు ఆట ఆపెయ్యకుండా. అది నాకు చేతకాలేదు.

ఒకరోజు భాయ్ రిపేరు కోసం పలక ఎత్తి చూపించాడు కదా, లోపల తీగకు వేలాడే లోలకం, దాని చుట్టూ లోహపు రింగు. గట్టిగా కదిలిస్తే లోలకం రింగుకు తగులుతుంది, అంతే, రెక్కలు చచ్చిపోతాయి. ఇంత మిషన్‌కు అంత చిన్న కాపలా!

మీ నాయన అంగడిలోకొచ్చి "జూదమాడుతున్నావా" అని నీ చెవి పట్టుకుని లాక్కుపోయినాడే, ఆయన ఒక్కడి మాట కాదంట అది. రెక్కలు 1947లో గాట్లీబ్ కంపెనీ వాళ్ళ హంప్టీ డంప్టీ మిషన్‌తో వచ్చాయి. అంతకుముందు గుండు వదిలాక చాలావరకు అదృష్టమే. అందుకే జూదమని న్యూయార్క్‌లో 1942 నుంచి 1976 దాకా ఈ మిషన్లు నిషేధం, పోలీసులు సుత్తులతో పగలగొట్టారు కూడా. చివరికి రోజర్ షార్ప్ అనే ఆయన నగర కౌన్సిల్ సభ్యుల ముందు ఆడుతూ, గుండు నడిమి దారిలో పోతుందని ముందే చెప్పి, స్ప్రింగు లాగి వదిలితే సరిగ్గా అట్లాగే పోయిందంట. ఇది అదృష్టం కాదు, పనితనం అని ఒప్పుకున్నారు. మీ నాయనకు ఈ సంగతి చెప్పేవాళ్ళు అప్పుడెవరున్నారు?

ఇప్పుడు అసలు సంగతి. పరీక్షలయిపోయిన రోజు, ఇంకొక్క దెబ్బ తగిలితే ఫ్రీ గేమ్ అనగా టిల్ట్ పడింది. భాయే ఏదో చేశాడని నువ్వు ఇప్పటికీ అంటావు. పాపం, ఆయన అప్పుడు చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు. మిషన్ కాలిని తన్నింది నేను. చేతిలో రూపాయి పట్టుకుని గంటసేపు నిలబడ్డాను రా, నీ ఆట అయిపోదే!

ఫోన్ చెయ్యొద్దు, జాబే రాయి. నువ్వు తిట్టే తిట్లు పక్కన మా ఆవిడకు వినపడతాయి.

నీ
లడ్డు